మందార మాస్టారు

నేను కారు నడపడం నేర్పుతాను. ఇరవై ఆరేళ్లుగా అదే పని. నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ల చేతా మొదటి రోజే నోట్‌బుక్కులో ఒక వాక్యం రాయిస్తాను: కారు వెనక్కి తీసే ముందు ఒకసారి దిగి వెనకాల ఏముందో చూడాలి. అద్దాల్ని నమ్ముకోవద్దని, మెడ తిప్పితే సరిపోదని, మోకాళ్ల నొప్పులున్నా సరే దిగాల్సిందేనని చెబుతాను. వినకపోతే కసురుతాను. అలాంటి నేను ఒక ఆదివారం పొద్దున, దిగకుండా, చూడకుండా, రేడియోలో వార్తలు వింటూ, మా ఆవిడ పద్నాలుగేళ్లుగా పెంచుకుంటున్న ముద్దమందార మీదికి కారు ఎక్కించేశాను.

మా ఇంటి వెనక చిన్న పెరడుంది. మూడు మంచాలు వేస్తే నాలుగోదానికి చోటుండదు. ఒక పక్క మా ఇల్లు, ఇంకో పక్క పొరుగువాళ్ల గోడ, వెనకాల ఏదో గోడౌను గోడ. మిగిలిన పక్క వీధిలోంచి కారు పట్టేంత సందు. ఎంత గాలి వీచినా ఆ పెరట్లో ఆకు కదలదు. ఎండ మాత్రం పొద్దున్నే వచ్చి, మధ్యాహ్నం మూడింటి దాకా లేవకుండా కూర్చుంటుంది. మందారకి అంతకన్నా మంచి చోటు దొరకదని తర్వాత తెలిసింది. అప్పటికి నాకది కారు కడుక్కునే చోటు, అంతే. ఆ మూల ఎర్రగా ఏదో ఉంటుందని తెలుసు. అది కారుకి అడ్డమని ఇంకా బాగా తెలుసు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిబట్ట చిరిగినట్టు చిన్న శబ్దం, అంతే. దిగి చూస్తే చెట్టు మొదట్లోనే రెండుగా చీలి, సగం బంపరు కింద, సగం గోడకి ఆనుకుని ఉంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. నన్ను తిడుతుందనుకుని నేను మూడు సాకులు సిద్ధం చేసుకున్నాను. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. వంగి, విరిగిన కొమ్మల్లోంచి ఐదు మొగ్గలు తుంచుకుని, లోపలికెళ్లి గాజుగ్లాసులో నీళ్లు పోసి వాటిని అందులో పెట్టింది. తర్వాత తన పనికి వెళ్లిపోయింది. ఆమె రక్తపరీక్షల లాబ్‌లో చేస్తుంది. ఆదివారాలు కూడా ఒక పూట ఉంటుంది.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిట్టలేదు కాబట్టి నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించినప్పుడల్లా ఇంట్లోవాళ్లు భయపడతారు, కానీ ఆ పూట ఇంట్లో ఎవరూ లేరు. పలుగు తీసుకుని, ఆమె వచ్చేలోగా మిగిలిన మొద్దుని వేళ్లతో సహా పెకలించి, గుంట పూడ్చి, పైన నీళ్లు చల్లి, ఊడ్చేశాను. అక్కడ చెట్టు ఉండేదని ఎవరూ కనిపెట్టలేనంత నీటుగా చేశాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను కూడా. మధ్యాహ్నం ఆమె వచ్చి ఆ నున్నటి నేల వైపు చూసి, "మొదలు కూడా పీకేశారా" అంది. అంతే. వారం తర్వాత, మొద్దుని అలాగే వదిలేసి ఉంటే ఇరవై రోజుల్లో చిగుళ్లు వేసేదని నర్సరీలో చెప్పారు. అంటే కారు చెట్టుని సగమే చంపింది. మిగతా సగం నేను స్వయంగా, శ్రద్ధగా పూర్తి చేశాను.

ఈ సంగతి గుట్టుగా ఉండిపోయేది, మా బావమరిది లేకపోతే. వాడికి మా వీధి చివర జెరాక్సు దుకాణం ఉంది. అక్కడ కాగితాల కన్నా కబుర్లకి ఎక్కువ నకళ్లు తీస్తారు. రెండు రోజుల్లో నేను మందార మాస్టారినయ్యాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు నేను నోట్‌బుక్కు తీయమనగానే పెదాలు బిగించి నవ్వు ఆపుకోవడం మొదలుపెట్టారు. కాలేజీ అమ్మాయి ఒకతె, కారు వెనక్కి తీసే ముందు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, మొక్కలేమీ లేవు మాస్టారూ అని ఎంతో వినయంగా చెప్పింది. ఆమె చేసింది నా పాఠం ప్రకారం నూటికి నూరుపాళ్లూ సరైనదే కాబట్టి కసరడానికి కూడా వీల్లేకపోయింది.

నర్సరీ మా ఇంటికి పది నిమిషాల దూరం. దాన్ని నడిపేది ఒక్క ఆవిడే. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా మట్టి, చెవి వెనక పెన్సిలు. ముద్దమందార కావాలన్నాను. నడుమెత్తు ఉన్న మొక్క ఒకటి ఇచ్చి, ఎలా పెంచాలో చెప్పబోయింది. మొక్కకి నీళ్లు పోయడం కూడా ఒకరు చెప్పాలా అనుకుని, ఆమె మాట్లాడుతుండగానే మొక్కని కారులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి దానికి పొద్దున ఒక బకెట్టు, మధ్యాహ్నం ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు పోశాను. ఆకులు పసుపుపచ్చగా మారితే దాహంగా ఉందేమోనని నాలుగో బకెట్టు మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే వేళ్లు కుళ్లిపోయాయి.

రెండోదానికి నీళ్ల విషయంలో జాగ్రత్త పడ్డాను. తిండి విషయంలో మాత్రం చెయ్యి జారింది. ఎరువు సంచీ మీద గుప్పెడు వేయమని రాసుంది. గుప్పెడు వేస్తే పెరిగేది, పది గుప్పెళ్లు వేస్తే ఇంకెంత పెరగాలి అని నాకు నేనే లెక్క వేసుకున్నాను. నాలుగు రోజుల్లో ఆకుల అంచులు కాల్చిన కాగితంలా మాడాయి. ఆరో రోజుకి పుల్ల మిగిలింది. ఇన్నాళ్లూ మా ఆవిడ ఏమీ అనలేదు. పొద్దున్నే కాఫీ కప్పుతో గుమ్మం దాకా రావడం, పెరట్లో నేను ఏదో ఒక పనిముట్టుతో వంగి ఉండటం చూసి వెనక్కి వెళ్లిపోవడం, అదే జరిగేది. నా కష్టం చూసి మనసు కరుగుతోందని నేను అనుకున్నాను.

మూడో మొక్క కోసం వెళితే నర్సరీ ఆవిడ అమ్మనంది. దుకాణం పెట్టుకుని అమ్మననడం ఏమిటని గొడవకి దిగాను. ఆమె చెవి వెనక పెన్సిలు సర్దుకుని, తీరిగ్గా, ముప్ఫై ఏళ్లలో మొక్కలు కొన్న చాలామందిని చూశానని, ఎండబెట్టి చంపేవాళ్లు, మరిచిపోయి చంపేవాళ్లు ఉంటారని, ప్రేమతో ఇంత తొందరగా చంపేవాళ్లని మాత్రం ఇప్పుడే చూస్తున్నానని చెప్పింది. వెళ్లిపోదామని తిరిగేసరికి వెనక నుంచి పిలిచి, మీరు కారు నేర్పే మాస్టారు కదా అని అడిగింది.

విషయమేమిటంటే ఆమెకి చిన్న వ్యాను ఒకటుంది. మొక్కలు ఇళ్లకి చేర్చడానికి దాన్ని నడిపే మనిషి పని మానేసి పోయాడు. తానే నడుపుకుందామంటే స్టీరింగు పట్టుకోగానే చేతులు వణుకుతాయట. అంతకుముందు రెండు చోట్ల నేర్చుకోబోయి మధ్యలో మానేసింది. నేను ఆమెకి కారు నేర్పితే, ఆమె నాకు మొక్క పెంచడం నేర్పుతుంది. లైసెన్సు చేతికొచ్చిన రోజు మందార నా చేతికిస్తుంది. ఒప్పుకున్నాను. అంత పెద్దావిడ నా చేతికింద విద్యార్థి అయితే మాట కాస్త తగ్గుతుందని లోపల్లోపల సంతోషించాను కూడా. ఎంత పప్పులో కాలేశానో మొదటి పాఠం రోజునే తెలిసింది.

పాఠం పొద్దున ఏడింటికి. మా ఇంటి ముందునుంచే బయల్దేరేవాళ్లం. ఆమె కారు నడపడం ఎలా ఉండేదంటే, ముందున్న సైకిలు మలుపు తిరిగిపోయి ఇల్లు చేరుకున్నా ఈమె ఇంకా హారను మోగించాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండేది. నేను అరిచేవాణ్ణి. నా అరుపుకి ఆమె క్లచ్ వదిలేసేది, బండి ఆగిపోయేది. పాఠం అయ్యాక నర్సరీలో పది నిమిషాలు నా తరగతి. అక్కడ నేను మట్టి ముట్టుకుని తడి ఉందో లేదో చెప్పాలి. నేను వేలి కొనతో తాకి తడి లేదనేవాణ్ణి. ఆమె నా చెయ్యి పట్టుకుని వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించేది. లోపల చల్లగా తడి తగిలేది. అలా పదిసార్లు తప్పాను. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. అదే నాకు ఎక్కువ అవమానంగా ఉండేది.

నేర్పే కారులో నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే తొక్కడానికి. మూడో వారంలో ఒకరోజు ఆమె రోడ్డు పక్కన బండి ఆపింది. తనంతట తాను, చక్కగా, సిగ్నలు వేసి మరీ ఆపింది. ఇంజను ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"మాస్టారూ, మీరు ఆ బ్రేకు మీంచి కాలు తియ్యండి."

నేను తొక్కడం లేదన్నాను.

"తొక్కుతున్నారు. నేను తొక్కాలనుకునేలోపే బండి ఆగిపోతోంది. ఎవరు ఆపుతున్నారో తెలియక నాకు చేతులు వణుకుతున్నాయి. నేను ఆపితే ఆగుతుందో లేదో నాకు తెలియాలి కదా."

కిందికి చూసుకున్నాను. నా కుడికాలు బ్రేకు మీద హాయిగా కాపురం పెట్టి ఉంది. ఇరవై ఆరేళ్లుగా అది అక్కడే ఉందని, దాన్ని నేనెప్పుడూ అక్కడ పెట్టలేదని, అదే వెళ్లి కూర్చుంటోందని అప్పుడే తెలిసింది. ఇక్కడ నాకేదో జ్ఞానోదయం అయిందనుకుంటే మీరు పొరబడినట్టే. నాకు ఒళ్లు మండింది. సరే, తీశాను, ఇక మీ ఇష్టం, గుద్దితే గుద్దండి అని కాళ్లు రెండూ సీటు కిందికి లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆమె గుద్దలేదు. బస్టాండు దాకా వెళ్లి, చుట్టూ తిరిగి, లారీ వెనక ఓపిగ్గా ఆగి, వెనక్కి తెచ్చింది. దారి పొడుగునా నేనే వణికాను. సీటు అంచు పట్టుకున్న నా వేళ్లు ఇంటికొచ్చాక కూడా సరిగ్గా విచ్చుకోలేదు.

రెండు నెలలకి ఆమె పరీక్ష పాసయింది. మాట ప్రకారం ముద్దమందార ఒకటి తీసుకుని స్వయంగా మా ఇంటికొచ్చింది. పెరడంతా తిరిగి చూసి, మూడు గోడల మధ్య ఇంత ఎండ, గాలి తాకిడి లేదు, ఇలాంటి చోటు నాకుంటేనా అని నిట్టూర్చింది. గుంట తవ్వించి, ఎంత లోతో పుల్లతో కొలిచి, మొక్కని నాటించి, మట్టి నాచేతనే నొక్కించింది. మట్టి రెండో కణుపు దాకా ఆరితేనే నీళ్లు. మూడు నెలల దాకా ఎరువు ముట్టుకోకూడదు. కత్తెర అసలు కొనకూడదు. ఇంకొక సంగతి కూడా చెప్పింది: చోటు మారిన మొక్క మొదట కొన్ని ఆకులు రాలుస్తుంది, కంగారు పడొద్దు. అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను.

పదకొండు రోజులు మచ్చలేని విద్యార్థిగా ఉన్నాను. పన్నెండో రోజు ఆరు ఆకులు రాలాయి. రాలతాయని రాసుకున్న పేజీ తీసి చదివాను. కొన్ని అని ఉంది. ఆరు అంటే కొన్నేనా, చాలా అవుతాయా అన్నది అందులో లేదు. పొద్దునంతా కాలు కాలిన పిల్లిలా పెరట్లో తిరిగాను. కింద వేళ్లు పట్టుకున్నాయో లేదో తెలిస్తే మనసు కుదుటపడుతుందనిపించింది. పైకి తీసి ఒక్కసారి చూసి, మళ్లీ పెట్టేస్తే మొక్కకి మాత్రం ఏం తెలుస్తుంది? తాపీతో చుట్టూ మట్టి వదులు చేసి, మొక్కని మెల్లగా పైకి లాగాను. వేళ్లు తెల్లగా, లేతగా, కొత్తగా పుట్టుకొచ్చి ఉన్నాయి. ఎంత సంతోషించానో. ఆ సంతోషంలో మొక్కని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో పెట్టి చూస్తూ వెనక్కి తిరిగితే, మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో కాఫీ.

వేళ్లు పట్టుకున్నాయి చూడు అన్నాను.

ఆమె కప్పు మెట్టు మీద పెట్టింది. నా చేతిలోంచి మొక్కని తీసుకుని, గుంటలో నిలబెట్టి, మట్టి సర్ది, అరచేతులతో అదిమింది. అప్పుడు, నాలుగు నెలల తర్వాత, మాట్లాడింది.

"పద్నాలుగేళ్లు ఆ చెట్టుకి నేనేం చేశానో తెలుసా మీకు?"

నీళ్లు పోశావు, ఎరువు వేశావు అన్నాను.

"అప్పుడప్పుడు నీళ్లు పోశాను. అంతే. పొద్దున కాఫీ తాగుతూ దాని పక్కన నిలబడేదాన్ని. పావుగంట. ఆ తర్వాత మీరు లేస్తారు, ఫోన్లు మోగుతాయి, లాబ్‌కి వెళితే సాయంత్రం దాకా జనం చేతులు చాపి కూర్చుంటారు. రోజు మొత్తంలో ఎవరూ నన్ను ఏదీ అడగని పావుగంట అదొక్కటే. చెట్టు పోయింది. పోతే పోయింది, పొరపాటు. కానీ ఆ రోజునుంచి నేను ఎప్పుడు వచ్చినా ఇక్కడ మీరున్నారు. పలుగుతో ఒకసారి, బకెట్టుతో ఒకసారి. నా చెట్టు బదులు చెట్టు తెస్తానని నా చోటు కూడా తీసేసుకున్నారు."

అరవలేదు. లాబ్‌లో సీసాల మీద పేర్లు అంటించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది గొంతు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినన్నిసార్లూ ఆమె మనసు కరుగుతోందనుకున్నానే, ఆ మూర్ఖత్వం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. తాపీ గోడకి ఆనించి, ఇక నేను పెరట్లోకి రానని చెప్పాను. ఎప్పటిదాకా అంది. నువ్వు పిలిచేదాకా అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోకుండా కప్పు తీసుకుంది. నా మాటల మీద ఆమెకి ఎంత నమ్మకముందో నాకు తెలుసు, నాకు కూడా అంతే ఉంది.

అయినా ఈసారి నిలబడ్డాను. కారు వీధిలో కడిగాను. తడిబట్టలు ఆరేయడానికి వెళ్లాల్సొచ్చినా బావమరిదిని పిలిచాను. వాడు బట్టలు ఆరేసి వచ్చి, బావా, రెండు చిగుళ్లు వేసింది అని నివేదిక ఇచ్చేవాడు. వాడికి చిగురుకీ ఎండుటాకుకీ తేడా తెలియదని నాకు అనుమానం. ఆ అనుమానం రోజురోజుకీ పెరిగింది. మా బాత్రూంలో, పైన, వెంటిలేటరు పెరటి వైపే ఉంటుంది. బకెట్టు బోర్లించి దానిమీద ఎక్కితే మందార మూల సరిగ్గా కనిపిస్తుంది. పెరట్లోకి రానన్నాను గానీ పెరడు చూడనని నేనెవరికీ చెప్పలేదు. నర్సరీ ఆవిడ దగ్గర నేర్చుకున్న విద్యంతా అలా వెంటిలేటరు ఊచల మధ్య నుంచి ఉపయోగించేవాణ్ణి. కొత్త చిగుళ్లు నాలుగు. బావమరిది రెండే చెప్పాడు, చూశారా.

ఒకనాడు పొద్దున్నే అలా ఎక్కి చూస్తుంటే కొమ్మ చివర తెల్లగా పిండి చల్లినట్టు కనిపించింది. పిండినల్లి. మొక్కల రసం పీల్చే పురుగు. ఇంకా బాగా చూద్దామని మునివేళ్ల మీద లేచాను. బకెట్టు ప్లాస్టిక్కుది. నేను ప్లాస్టిక్కువాణ్ణి కాను. ఫట్‌మని అడుగు పగిలి, నా కుడికాలు చీలమండ దాకా లోపలికి దిగబడి, నేను మగ్గుతో సహా గోడకి గుద్దుకుని కూలబడ్డాను. మా ఆవిడ తలుపు తీసేసరికి బకెట్టు కాలికి బూటులా తొడుక్కుని కూర్చుని ఉన్నాను. ఆమె ముందు కాలు చూసింది, తర్వాత బకెట్టు, తర్వాత పైన వెంటిలేటరు. అన్నీ అర్థమైనట్టున్నాయి. ఎక్కడ నొప్పి అని మాత్రమే అడిగింది. పిండినల్లి పట్టింది అన్నాను.

చీలమండ గుమ్మడికాయలా వాచింది. అదే సమయానికి వీధి తలుపు దగ్గర నర్సరీ ఆవిడ. లైసెన్సు వచ్చి నెల దాటినా పక్కన నేను లేకుండా నడపడానికి ధైర్యం చాలక, వారానికి రెండుసార్లు పాఠానికి వస్తూనే ఉంది. ఆసుపత్రికి వెళ్లాలి, నడపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నడిపే కాలు బకెట్టులోంచి అప్పుడే బయటపడింది. టాక్సీ పిలుద్దామన్నాను. ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకండీ, నేను నడుపుతాను అంది నర్సరీ ఆవిడ. ఆ గొంతు విని ఆమెకన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

కాలు చాపుకోవాలి కాబట్టి నన్ను వెనక సీట్లో అడ్డంగా పడేశారు. మా ఆవిడ ముందు కూర్చుంది, నా స్థానంలో. నా బ్రేకు ఆమె కాళ్ల దగ్గర ఉంది. అది ఏమిటో ఆమెకి తెలియదు, ఎప్పుడూ అడగలేదు. సంచీ తీసి దాని పక్కన పెట్టుకుంది. బండి కదిలింది. నేను వెనక నుంచి ముందు సైకిలు, పక్కన ఆటో, అక్కడ గుంత అని చెప్పబోయాను. మొదటి మాటకే మా ఆవిడ వెనక్కి తిరిగి, "మీరు కాలు చూసుకోండి" అంది. తర్వాత వాళ్లిద్దరూ నన్ను మరిచిపోయారు. పిండినల్లిని తడిగుడ్డతో తుడిస్తే చాలా, సబ్బునీళ్లు కొట్టాలా అన్న దగ్గర మొదలైంది మాట. ఆసుపత్రి గేటు దాకా ఆగలేదు. నర్సరీ ఆవిడ మాట్లాడుతూ గేరు మారుస్తోంది, మాట్లాడుతూ పక్కబండికి దారిస్తోంది. చేతులు వణకడం గురించి ఆమెకి గుర్తున్నట్టే లేదు. ఒక మలుపులో నా వాచిన కాలు తనంతట తానే ముందు సీటు వీపుని గట్టిగా తొక్కింది. ప్రాణం పోయినంత పనయింది. బండి మాత్రం ఆగలేదు, అది ఆమె ఆపాలనుకున్న చోటే ఆగింది.

ఎముక విరగలేదు. మూడు వారాలు కాలు కదపొద్దన్నారు. పాఠాలు మరో మాస్టారికి అప్పజెప్పి మంచంలో పడ్డాను. నర్సరీ ఆవిడ తన వ్యాను తనే నడుపుకోవడం మొదలుపెట్టింది. దారిలో అప్పుడప్పుడు మా ఇంటి ముందు ఆపి పెరట్లోకి పోయేది. నన్ను పలకరించడానికి వస్తోందనుకుని మొదట్లో జుట్టు దువ్వుకునేవాణ్ణి. పెరట్లోంచి ఇద్దరి మాటలూ వినిపించేవి, నవ్వులు వినిపించేవి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మొక్కని ఎలా చూసుకోవాలో నా అభిప్రాయం ఎవరికీ అక్కర్లేకుండానే మందార బతుకుతోందని తెలిసి, నిజం చెప్పొద్దూ, కొంచెం బాధేసింది.

కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టిన వారంలో ఒక పొద్దున మా ఆవిడ వచ్చి, పూసింది, రండి అంది. పిలిచింది. నేను కర్ర మరిచిపోయి రెండడుగులు వేసి, నొప్పికి గుర్తొచ్చి, వెనక్కి వచ్చి కర్ర తీసుకుని వెళ్లాను. చెట్టు నా భుజం దాకా ఎదిగింది. కొత్త ఆకులు ఎండలో నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పై కొమ్మకి ఒక పువ్వు. ముద్దమందార కాదు. ఎర్రది కూడా కాదు. ఒంటిరేక, లేత పసుపు, గొంతు దగ్గర మాత్రం ఎర్రటి చార.

ఆ మధ్యాహ్నం నర్సరీ ఆవిడ వచ్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మొక్కలకి కట్టే చీటీలు తారుమారయ్యాయట. ముప్ఫై ఏళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదని, ఇప్పుడే తీసేసి ఎర్ర ముద్దది తెచ్చి నాటుతానని, తల ఎత్తకుండా చెప్పింది. నా జీవితంలో నేను అంతగా ఆనందించిన పొరపాటు ఇంకొకటి లేదు, అందులో నా ప్రమేయం లేదు కాబట్టి. ఫరవాలేదమ్మా, ఎంత అనుభవం ఉన్నా ఒక్కోసారి చూసుకోం అని పెద్దమనిషిలా ఓదార్చాను. ఆమె నన్ను చూసిన చూపుకి ఆ పెద్దరికం కాస్తా ఇంకిపోయింది.

మా ఆవిడ మాత్రం మార్చొద్దంది. పాతది పాతదే, అలాంటిదే ఇంకొకటి తెచ్చినా అది కాదు కదా, ఇది ఇదిలాగే ఉండనివ్వండి అంది. మళ్లీ ఆ పువ్వు దగ్గరికి వెళ్లి రేకు వెనక్కి తిప్పి చూసింది.

మర్నాడు పొద్దున, నేను లేచి ముందుగదిలో కూర్చుని ఉంటే, కాఫీ కప్పుతో గుమ్మం దగ్గర ఆగి, కావాలంటే మీరూ రావచ్చు, కానీ ఏదీ ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు అని షరతు పెట్టింది. వెళ్లాను. ఆమె ఒక పక్క, నేను కర్రమీద ఒక పక్క. ఎండ అప్పుడే గోడ దిగుతోంది. నిన్నటి పువ్వు ముడుచుకుని రాలి ఉంది, పక్క కొమ్మకి రెండు కొత్తవి విచ్చుకుంటున్నాయి. చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆరు నిమిషాలు గడిచాయి. నాకు తెలుసు, గడియారం చూసుకున్నాను. ఏడో నిమిషంలో ఒక చీమ కాండం మీద పైకి పాకుతూ కనిపించింది. వెనకాల ఇంకొకటి. ఇంకొకటి. నోరు మూసుకునే ఉన్నాను, నిజంగానే. కానీ కర్ర దానంతట అది కాస్త పైకి లేచి, ఆ చీమల వైపు చూపించింది.

"చూశాను" అంది మా ఆవిడ. "మీరు లోపలికి వెళ్లండి. రేపు రండి."

వెళ్లాను.